దుర్భిణి మీది పేరు వెంట

ఇత్తడి మీద నల్లరంగు. చేతివేళ్లు ఆనే చోటల్లా ఆ రంగు అరిగిపోయి పసుపు బయటపడింది. ఎడమ గొట్టం పైమూత మీద చిన్న గుండ్రటి ముద్ర, అందులో కటకం బొమ్మ, త్రికోణాకారపు పట్టకం, వాటితో కలిపి చెక్కిన ఇంగ్లిషు అక్షరాలు: నిప్పోన్ కోగకు, టోక్యో. కుడివైపు మూత మీద 'ఓరియన్', దాని కింద '6×24', '9.3°'. కంటికి పెట్టుకుని చూస్తే దృశ్యం మధ్యలో వెంట్రుక కన్నా సన్నని గీతలు, వాటి మీద కొలత గుర్తులు కనిపిస్తాయి.

ఇది మా తాతయ్యది. అమ్మకు నాన్న. యుద్ధకాలంలో మద్రాస్ శాపర్స్‌లో ఉండి బర్మాలో వంతెనలు కట్టే పని చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలో దీన్ని తెచ్చాడు. అది ఎవరి దగ్గర, ఎలా చేతికొచ్చిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తాతయ్య పోయాక అది విశాఖలో మా మావయ్య బీరువాలో ఉండిపోయింది. నేను ఉద్యోగానికి టోక్యో వచ్చి, నిషి-కసాయ్‌లో మన తెలుగువాళ్ల మధ్య ఇల్లు తీసుకున్నాక, ఓసారి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మావయ్య దాన్ని నా చేతిలో పెట్టాడు.

"ఒరేయ్, ఇది జపానోళ్లదని మీ తాత అనేవాడు. ఏ కంపెనీదో కనుక్కో. మన ఊరి మీద బాంబులేసినోళ్లకీ, దీన్ని చేసినోళ్లకీ ఏమన్నా సంబంధం ఉందేమో అదీ చూడు. నువ్వక్కడే ఉన్నావు కదా" అన్నాడు.

ఆ రెండో మాట ఊరికే అన్నది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఓజావా జిసబురో నడిపిన నౌకాదళం అప్పుడు బంగాళాఖాతంలో సరుకు ఓడలను వేటాడుతోంది. ఆ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచాయి. మా అమ్మమ్మకు అప్పటికి కొత్తగా పెళ్లయింది. ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని విజయనగరం వైపు వెళ్లిపోయిన సంగతి ఆవిడ మాకు ఎన్నోసార్లు చెప్పింది. ఆ జపాన్ బాంబుల్లో ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. కాబట్టి మావయ్య ప్రశ్నకు నిక్కచ్చిగా జవాబు చెప్పాలనుకున్నాను. ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు.

మొదట వస్తువును చదవాలి, పేరు సంగతి తర్వాత. టోక్యోకి తిరిగొచ్చే ముందు హైదరాబాదులో పాత కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్లి ముందు కటకాల్లో లైటు ప్రతిబింబం ఎలా పడుతోందో చూశాడు. "తెల్లగా ఉంది చూడు బాబూ. ఈ కటకానికి పూత లేదు. పూత ఉంటే నీలంగానో ఊదాగానో కనబడుతుంది. ఇది బాగా పాతకాలపు సరుకు" అన్నాడు. రెండు కళ్లకూ విడివిడిగా ఫోకస్ తిప్పుకునే ఏర్పాటును చూపించి, సైన్యానికి చేసిన వాటిలో ఇలాగే ఉంటుందన్నాడు. ఒకసారి సరిచేసుకుంటే దూరపు వస్తువులన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, మళ్లీ మళ్లీ తిప్పే పని ఉండదు. లోపలి గీతలు దూరం అంచనా కట్టడానికి. షికారుకెళ్లేవాడికి వాటితో పనిలేదు, ఫిరంగులకు గురి చెప్పేవాడికి కావాలి. పట్టకాల మీద బూజు పట్టి ఉంది. సముద్రపుగాలి తగిలే ఊళ్లో ఇన్నేళ్లుంటే పట్టక ఏం చేస్తుంది? తుడుస్తానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు: పైన చెక్కిన అక్షరాలను ఏ పాలిష్‌తోనూ రుద్దకూడదు. "ఇందులో విలువైనది ఆ రాతే" అన్నాడు. ఆ మాట తర్వాత నాకు చాలా పనికొచ్చింది.

ఇక పేరు. 'నిప్పోన్' అంటే జపాన్, 'కోగకు' అంటే కాంతిశాస్త్రం. పూర్తి పేరు నిప్పోన్ కోగకు కోగ్యో, అంటే జపాన్ కాంతి పరికరాల పరిశ్రమ. ఈ పేరుతో ఇప్పుడు కంపెనీ ఏదీ లేదు. ఎందుకంటే 1988లో అది పేరు మార్చుకుని నికాన్ అయింది. తెలుగు పత్రికల ఫొటోగ్రాఫర్ల మెడలో వేలాడిన ఎఫ్‌ఎం2 కెమెరాలు చేసిన నికానే అది. ఈ సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ మావయ్య అడిగింది కంపెనీ ఇప్పుడేం చేస్తోందని కాదు, అప్పుడేం చేసేదని.

జపాన్‌లో పెద్ద కంపెనీలు తమ చరిత్రను తామే పుస్తకంగా వేసుకుంటాయి. వాటిని 'షషి' అంటారు. పాతికేళ్లకో యాభై ఏళ్లకో ఒకటి వస్తుంది. ఎక్కువగా అమ్మకానికి పెట్టరు, తమవాళ్లకు పంచుతారు. టోక్యో పక్కనే కవాసాకిలో కనగవ రాష్ట్ర గ్రంథాలయం ఒకటి ఇలాంటి పుస్తకాలనే ప్రత్యేకంగా సేకరించింది. మా ఆఫీసులో రిటైరవబోతున్న ఒక పెద్దమనిషి ఆ సంగతి చెప్పి, ఒక శనివారం తానే వెంట వచ్చాడు. యుద్ధానికి ముందు ముద్రించిన పుస్తకాల్లోని కంజి అక్షరాలు ఇప్పటివాటి కన్నా క్లిష్టంగా ఉంటాయి, ఫోన్ అనువాదానికి సగం లొంగవు. ఆయన వేలు పెట్టి చదువుతుంటే నేను రాసుకున్నాను. పుస్తకం అట్ట లోపలి నుంచి చివరి పేజీ దాకా ఆ మనిషి చూపించిన ఓపికను మర్చిపోలేను.

కథ మొదటి ప్రపంచయుద్ధంతో మొదలవుతుంది. అప్పటిదాకా జపాన్ నౌకాదళం తనకు కావలసిన కాంతి పరికరాలను జర్మనీ, ఇంగ్లండుల నుంచి కొనుక్కునేది. 1914లో యుద్ధం రాగానే ఆ దారి మూసుకుపోయింది. దూరమాపకం లేకుండా ఫిరంగి, పెరిస్కోపు లేకుండా జలాంతర్గామి పనికిరావు. అందుకని మిత్సుబిషి అధిపతి ఇవాసాకి కోయతా పెట్టుబడితో 1917 జులై 25న ఈ కంపెనీ పుట్టింది. టోక్యో కేకి అనే సంస్థలోని కాంతి పరికరాల విభాగాన్ని, ఇవాకి గాజు కర్మాగారంలోని అద్దాల విభాగాన్ని విడదీసి ఒకటి చేశారు. కొన్నాళ్లకే ఫుజియి అన్నదమ్ముల కటకాల కర్మాగారం కూడా ఇందులో కలిసింది. ఫుజీ ఫిల్ముకూ వీళ్లకూ సంబంధం లేదు. విక్టర్ అనే పేరుతో జపాన్‌లో పట్టకాల దుర్భిణులు అంతకుముందే చేసి అమ్మినవాళ్లు వీళ్లు.

అంటే ఈ కంపెనీ కెమెరాల కోసం పుట్టి యుద్ధంలోకి లాగబడింది కాదు, యుద్ధ అవసరం కోసమే పుట్టింది. నేను వెతుకుతున్నదానికి ఇది ఇరుసు. ఇది అర్థమయ్యాక మిగతావి వాటంతటవే చోటు చూసుకున్నాయి.

1918లో టోక్యోలోని షినగావ ప్రాంతంలో ఓయి కర్మాగారం లేచింది. 1921లో జర్మనీ నుంచి 8 మంది ఇంజినీర్లను పిలిపించారు. యుద్ధంలో ఓడి దివాలా తీసిన జర్మనీలో నిపుణులకు పని లేదు, ఇక్కడ పనికి నిపుణులు లేరు. వాళ్లలో హైన్‌రిఖ్ ఆఖ్ట్ అనే ఆయన 1928 దాకా ఉండి ఫొటో కటకాల రూపకల్పనలో దారి చూపాడు. ఆ కాలంలో వచ్చిన కటకానికి ఎనిటార్ అని పేరు పెట్టారు. అదే 1921లో అరచేతిలో ఇమిడే దుర్భిణి మైక్రాన్ పేరుతో వచ్చింది. మన ఓరియన్ ఆ కుటుంబంలోదే. ఆకాశంలో మృగశిర ఉన్న నక్షత్రమండలం పేరును ఇలా దుర్భిణికి పెట్టారు.

కంపెనీ అసలు పేరు పొడవు కాబట్టి, మన పత్రికలు తిరుమల తిరుపతి దేవస్థానాలను తితిదే అన్నట్టు, నిప్పోన్ లోంచి ఒక ముక్క, కోగకు లోంచి ఒక ముక్క తీసి 'నిక్కో' అనేవారు. 1930ల మొదట్లో దాని చివర 'ర్' చేర్చి కటకాలకు నిక్కోర్ అని పేరు పెట్టారు. జర్మనీ కటకాలు టెస్సార్, సోన్నార్ అని ముగిసేవి కదా, ఆ వరుసలో నిలబడాలని. ఈ పేరును ముందుగా మోసిన వాటిలో విమానంలోంచి నేల ఫొటోలు తీసే ఏరో-నిక్కోర్ ఒకటి. ఇళ్లలో పెళ్లి ఫొటోలు తీసిన నిక్కోర్ కటకాల వంశవృక్షంలో తొలి కొమ్మల్లో ఒకటి సైన్యం కోసం ఆకాశంలోంచి చూసిన కటకం. దీన్ని చదివినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఇక్కడ ఒక పక్కదారి పట్టాను, పట్టినందుకు సంతోషమే. 1933లో టోక్యో రొప్పొంగిలో ఒక చిన్న గదిలో కొందరు యువకులు జర్మన్ లైకాకు దీటైన కెమెరా చేయాలని కూర్చున్నారు. వాళ్లలో యోషిదా గోరో బౌద్ధ దేవత కన్నోన్ భక్తుడు. మన అవలోకితేశ్వరుడే జపాన్‌లో కన్నోన్. నమూనా కెమెరాకు క్వానన్ అని, దాని కటకానికి కాశ్యప అని పేరు పెట్టాడు. మనవాళ్లకు కాశ్యప అనగానే గోత్రం గుర్తొస్తుంది గానీ అది బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడి పేరు. క్వాననే తర్వాత కెనాన్ అయింది. 1934లో పత్రికలో వచ్చిన వాళ్ల ప్రకటన ఇలా సాగుతుంది: జలాంతర్గామి అంటే ఐ-రకం, విమానం అంటే 92వ నమూనా, కెమెరా అంటే క్వానన్, అన్నీ ప్రపంచంలో మేటివే. కరుణకు ప్రతిరూపమైన దేవత పేరును యుద్ధ సామగ్రి పక్కన నిలబెట్టారు. ఆ దేశం అప్పుడు ఏ గాలి పీలుస్తోందో ఆ ఒక్క ప్రకటన చెబుతుంది.

వీళ్లకు సొంతంగా కటకం చేసే శక్తి లేదు. 1936లో మార్కెట్లోకి వచ్చిన వాళ్ల తొలి కెమెరా హన్సా కెనాన్‌కు కటకం, దాన్ని బిగించే అమరిక, వ్యూఫైండర్, దూరం కొలిచే యంత్రాంగం సమకూర్చింది నిప్పోన్ కోగకు. ఇప్పుడు పోటీదారులైన ఇద్దరిలో ఒకరి మొదటి కెమెరాకు రెండోవారు కళ్లిచ్చారు. యుద్ధకాలంలో కెనాన్ వాళ్ల ముఖ్యమైన సరుకుల్లో ఒకటి ఎక్స్‌రే కెమెరా, క్షయ ఉందో లేదో గుంపుగా పరీక్షించడానికి. ప్రసూతి వైద్యుడైన మితరాయి తకేషి 1942లో ఆ కంపెనీ అధ్యక్షుడయ్యాడు. సైన్యంలో చేర్చుకునేవాళ్ల ఊపిరితిత్తులు చూడటం కూడా యుద్ధంలో భాగమే. అయినా ఆ యంత్రం యుద్ధం అయిపోయాక ఎన్నో ప్రాణాలు కాపాడే పనికి పనికొచ్చింది.

మళ్లీ నిక్కో దగ్గరికి. జపాన్‌లో పాతవాళ్లు "నేల మీద తోకో, సముద్రం మీద నిక్కో" అనేవారట. తోకో అంటే టోక్యో కోగకు, 1932లో హత్తోరి గడియారాల సంస్థ నుంచి విడిపోయి, ఎక్కువగా నేల మీది సైన్యానికి పరికరాలు చేసిన కంపెనీ. నిక్కో నౌకాదళానిది. మరి నౌకాదళపు కంపెనీ దుర్భిణి బర్మా అడవుల్లో ఎలా ఉంది? దీనికి జవాబు మా ఆఫీసు పెద్దాయన చెప్పాడు. జపాన్ సైన్యంలో అధికారులు కత్తి, దుర్భిణి లాంటివి తమ డబ్బుతో తామే కొనుక్కోవాలి. ఓరియన్ దుకాణంలో కొనుక్కోదగ్గ పేరున్న సరుకు. మా ఇంట్లో ఉన్నది బహుశా ఎవరో ఒక అధికారి జీతంలోంచి కొనుక్కున్నది. వాడికీ ఇల్లుంటుంది, వాడికీ మావయ్యలుంటారు. ఆ ఆలోచన వచ్చాక దుర్భిణిని పట్టుకునే తీరే మారింది నాకు.

నౌకాదళానికి నిక్కో ఏం చేసిందో కళ్లారా చూడాలని కురే వెళ్లాను. హిరోషిమా పక్కన రేవు పట్టణం. యమతో యుద్ధనౌకను కట్టింది అక్కడే, అక్కడి మ్యూజియంలో దాని పదోవంతు నమూనా ఉంది, 26.3 మీటర్ల పొడవు. మెట్లెక్కి పై అంతస్తులోంచి చూస్తే నౌక మధ్య గోపురం తలకు రెండు పక్కలా కావడిబద్దలా ఒక గొట్టం పొడుచుకొచ్చి కనిపిస్తుంది. నమూనాలో ఒకటిన్నర మీటర్లు, అసలు నౌకలో 15 మీటర్లు. అదే దూరమాపకం. చేసింది నిప్పోన్ కోగకు.

అది పనిచేసే తీరు సరళం. మన రెండు కళ్ల మధ్య ఆరేడు సెంటీమీటర్లుంటుంది, అందుకే దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో పట్టుకుంటాం, చాలా దూరపుదైతే పట్టుకోలేం. రెండు కళ్ల మధ్య దూరాన్ని 15 మీటర్లకు పెంచితే? గొట్టం రెండు చివర్ల నుంచి వచ్చే దృశ్యాల మధ్య తేడాని బట్టి దిగంతం మీది శత్రునౌక ఎంత దూరంలో ఉందో లెక్క తేలుతుంది. యమతో 46 సెంటీమీటర్ల ఫిరంగులు సుమారు 42 కిలోమీటర్లు కొట్టగలవు. దూరం తప్పితే గుండు నీళ్లలో పడుతుంది. గొట్టం ఎండకు ఒక పక్క వేడెక్కి కాస్త వంగినా లెక్క చెడుతుంది. అంత పొడవున పట్టకాలను అంత నిలకడగా నిలబెట్టడం ఎంత పనితనమో తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అది ఏ పనికో తలుచుకుంటే ఆ చేతులు ఆగిపోతాయి. నాకు రెండూ నిజమే.

ఇవి కాక నౌకల మీద నిలబెట్టి రాత్రిళ్లు కాపలా కాసే 12 సెంటీమీటర్ల కటకాల పెద్ద దుర్భిణులు, జలాంతర్గాముల పెరిస్కోపులు, ఫిరంగుల గురిపెట్టే పరికరాలు. 1942 ఆగస్టులో పసిఫిక్ సముద్రంలోని సావో దీవి దగ్గర రాత్రి యుద్ధంలో మిత్రపక్షాల భారీ క్రూయిజర్లు 4 మునిగాయి. చీకట్లో ముందుగా చూసిన జపాన్ కాపలాదారుల కళ్లకు అలాంటి పెద్ద దుర్భిణులే దన్ను. 1945 ఆగస్టు నాటికి కంపెనీకి 19 కర్మాగారాలు, 23,000 మంది పనివాళ్లు. యుద్ధం ముగిశాక మిగిలింది ఓయి కర్మాగారం ఒక్కటి, సుమారు 1,400 మంది.

ఆ మిగిలినవాళ్లు కూర్చుని ఇప్పుడేం చేయాలని జాబితా రాసుకున్నారు. దుర్భిణులు, సూక్ష్మదర్శినులు, సర్వే పరికరాలు, కళ్లజోడు అద్దాలు, కెమెరాలు. 1946లో పాయింటల్ పేరుతో కళ్లజోడు అద్దాలు వచ్చాయి. అంతకుముందు గురిపెట్టడానికి కటకాలు సానబట్టిన చేతులే చదువుకునే పిల్లల కోసం అద్దాలు సానబట్టాయి. కెమెరాకు పేరు కావాలి. నిక్కోకు చివర 'న్' తగిలించి, పలకడానికి గట్టిగా ఉండేలా నికాన్ అన్నారు. 1948లో వచ్చిన నికాన్ కెమెరాలో దూరం కొలిచే ఏర్పాటు ఉంది, యమతో నెత్తిమీది సూత్రమే, కొన్ని సెంటీమీటర్లకు కుదించినది. పేరు చూసి జర్మనీలోని జైస్ ఐకాన్ తమ పేరులా ఉందని అభ్యంతరం పెట్టింది, అందుకని ఆ దేశంలో కొంతకాలం కెమెరా మీద కూడా నిక్కోర్ అనే వేసి అమ్మారు. 1950లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ నిక్కోర్ కటకాలు బిగించుకుని కొరియా యుద్ధానికి వెళ్లాడు, ఆ ఫొటోలు చూసి న్యూయార్క్ నివ్వెరపోయింది. ఈ కంపెనీని ఒక యుద్ధం పుట్టించింది, ఇంకో యుద్ధం పెంచి కూల్చింది, మూడో యుద్ధం దాని పేరును లోకానికి చెప్పింది.

ఓయిలో పాత కర్మాగారం ఉన్న చోటే ఇప్పుడు కంపెనీ కొత్త ప్రధాన కార్యాలయం, అందులో మ్యూజియం ఉన్నాయి. అక్కడ ఆ 1948 కెమెరాను చూసి వచ్చాను.

ఇక మా ఇంటి దుర్భిణి వయసు. యుద్ధం తర్వాత జపాన్ అమెరికా సైన్యం ఆక్రమణలో ఉన్న కాలంలో, 1947 నుంచి 1952 మధ్య, జపాన్ నుంచి ఎగుమతయ్యే సరుకు మీద 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని వేసేవారు. దీని మీద అది లేదు. యుద్ధం తర్వాత కంపెనీ దుర్భిణుల మీద వేసిన 'జోయ్‌కో' ముద్ర లేదు. కటకానికి పూత లేదు. లోపల సైన్యానికి పనికొచ్చే కొలత గీతలున్నాయి. తాతయ్య బర్మా నుంచి తెచ్చాడు. ఇన్నీ కలిపితే 1945కు ముందుది, యుద్ధానికి వెళ్లింది అని గట్టిగా చెప్పొచ్చు. మీ ఇళ్లలోనూ బర్మా, మలయాల నుంచి వచ్చినవి ఉంటే మీరు కూడా ఇదే వరుసలో చూడండి. ముందు ముద్ర, తర్వాత కటకంలో లైటు రంగు, తర్వాత లోపలి గీతలు. తుడవడం అన్నిటికన్నా చివర. అమ్మడం అసలు వద్దనే నా మాట.

మావయ్యకు ఫోన్ చేసి చెప్పాను. మన దుర్భిణి చేసిన కంపెనీ జపాన్ నౌకాదళానికి కళ్లు. ఆ నౌకాదళమే మన ఊరి మీదికి విమానాలు పంపింది. మన దుర్భిణి మాత్రం నేల మీద, బర్మాలో, ఒక అధికారి మెడలో ఉండి ఉంటుంది.

"అయితే సంబంధం ఉన్నట్టే" అన్నాడు మావయ్య. కాసేపాగి, "ఇదంతా తెలుగులో రాసి పంపు. అందులోనే మడిచి పెడతాను. రేపు నీ పిల్లలకి తెలియాలి కదా" అన్నాడు. రాసి పంపాను. ఆ కాగితాన్నే కొంచెం పెంచి ఇక్కడ రాశాను.